తీర్పు సరే, కారణమేదీ?

వీడియో రిఫరీ ఉన్నచోట ఫుట్‌బాల్ అభిమానులు వద్దంటున్నారు. లేనిచోట కావాలంటున్నారు. రెండు ఫిర్యాదుల మూలం ఒక్కటే

సూరత్‌లోని బమ్రోలికి ఫుట్‌బాల్‌తో పెద్దగా సంబంధం లేదు. పాండేసర, ఉధనా, లింబాయత్‌ల మాదిరే ఇదీ మరమగ్గాల పేట. తెలంగాణ జిల్లాల నుంచి ఏనాడో వలస వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు, ఒడిశాలోని గంజాం నుంచి వచ్చి పన్నెండు గంటల షిఫ్టులు చేసే కార్మికులు ఈ పేటల్లో కలిసి బతుకుతుంటారు. టీ బడ్డీ దగ్గర సెల్‌ఫోన్లో స్కోరు చూసుకునేది క్రికెట్‌దే. అయినా ప్రపంచ ఫుట్‌బాల్‌ను కొన్నేళ్లుగా వేధిస్తున్న ప్రశ్న ఇక్కడివారికి కొత్తేమీ కాదు. మగ్గం దిగిన గుడ్డను సూరత్‌లో తాకాల లెక్కన కొలుస్తారు. తాకా అంటే సుమారు వంద మీటర్లు. దాన్ని బల్ల మీద పరిచి లోపాలు వెతుకుతారు. పోగు తెగిందనో, నూనె మరక పడిందనో తేలితే ఆ నష్టం మీటర్ల లెక్కన కూలి తీసుకునే కార్మికుడి నెత్తిన పడుతుంది. లోపం కళ్లెదుట చూపించి కోత వేస్తే అతడు గొణుక్కుంటూనైనా ఒప్పుకుంటాడు. లోపలెవరో చూశారు, నీకు ఇంత తగ్గింది అని కబురు చేస్తే ఒప్పుకోడు. లోపం నిజంగా ఉన్నా సరే.

వీడియో రిఫరీ విషయంలో ఫుట్‌బాల్ అభిమాని గోడు అచ్చం ఇలాంటిదే. 'వీడియో అసిస్టెంట్ రిఫరీ', పొట్టిగా వీఏఆర్, వచ్చాక తప్పుడు తీర్పులు పెరిగాయని ఎవరూ గట్టిగా వాదించడం లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చెప్పిన లెక్క ప్రకారం కీలక నిర్ణయాల్లో సరైనవి వీఏఆర్‌కు ముందు 82 శాతం, 2023-24 సీజన్లో 96 శాతం. తప్పులు తగ్గినా గ్యాలరీల్లో కోపం మాత్రం తగ్గలేదు. భారత్‌లో కథ తలకిందులు. ఇక్కడి అభిమానికి కోపం వీఏఆర్ లేదని. ఒకరు ఉన్నందుకు ఏడుస్తుంటే, మరొకరు లేనందుకు ఏడుస్తున్నారన్నమాట. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు బాధలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అసలు జబ్బు బయటపడదు.

దోహాలో చేజారింది

ముందు మన బాధ. 2024 జూన్ 11న దోహాలోని జాసిమ్ బిన్ హమద్ స్టేడియంలో భారత్, ఖతార్ తలపడ్డాయి. అంతకు అయిదు రోజుల ముందే సునీల్ ఛెత్రి కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వీడ్కోలు పలికాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు కెప్టెన్. గెలిస్తే భారత్ ప్రపంచ కప్ ఆసియా అర్హత పోటీల్లో మొట్టమొదటిసారి మూడో రౌండ్‌కు చేరుతుంది. దాంతోపాటు 2027 ఆసియా కప్‌లో నేరుగా చోటు కూడా దక్కుతుంది. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్ కొట్టాడు. ఆధిక్యం 73వ నిమిషం దాకా నిలిచింది.

అప్పుడు ఖతార్‌కు ఫ్రీకిక్ దక్కింది. యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతని కిందనుంచి జారి గోల్ పక్కగా గీత దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడు హష్మీ హుస్సేన్ దాన్ని కాలితో వెనక్కి లాగాడు, ఐమన్ గోల్‌లోకి నెట్టాడు. భారత ఆటగాళ్లు రిఫరీని చుట్టుముట్టారు. దక్షిణ కొరియా రిఫరీ గోల్ ఖాయం చేశాడు. 85వ నిమిషంలో అహ్మద్ అల్ రావి రెండో గోల్ కొట్టడంతో భారత్ 1-2తో ఓడి, టోర్నీ నుంచే బయటికి వచ్చింది. వారం తిరక్కుండానే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌కు ఉద్వాసన పలికారు. దర్యాప్తు జరపాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోరింది. ఫలితం మాత్రం మారలేదు.

ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. ఆసియా సమాఖ్య దాన్ని మూడో రౌండ్ నుంచి వాడింది. ఆ గోల్ చెల్లకపోయి ఉంటే భారత్ తప్పకుండా గెలిచేదని చెప్పలేం. ఇంకా పదిహేడు నిమిషాల ఆట ఉంది, ఖతార్ ఆసియా చాంపియన్. కానీ గెలిచే అవకాశం మిగిలేది. ఆ తర్వాత ఆసియా కప్ కోసం మళ్లీ వేరే అర్హత పోటీలు ఆడాల్సి వచ్చిన భారత్, 2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆ ఆశ కూడా వదులుకుంది. ఒక్క తప్పు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇందులో అభిమానిని అన్నిటికంటే రగిలించిన సంగతి మరొకటి ఉంది. బంతి గీత దాటడం టీవీ ముందు కూర్చున్న ప్రతివాడికీ కొన్ని సెకన్లలోనే తెలిసిపోయింది. దేశంలో లక్షల మందికి తెలిసిన నిజం తెలియనిది ఒక్క రిఫరీకే. చూసేందుకు అతనికి అనుమతి లేదు. దాదాపు వందేళ్లుగా ఫుట్‌బాల్ రిఫరీ అందరికంటే దగ్గర నుంచి చూసే మనిషి. టీవీ రీప్లేలు వచ్చాక అందరికంటే తక్కువ చూసే మనిషిగా మారాడు. 1986 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌పై మారడోనా చేత్తో కొట్టిన గోల్, 2009 నవంబరులో ఐర్లండ్‌ను ప్రపంచ కప్‌కు దూరం చేసిన తియరీ ఆన్రీ చేతి స్పర్శ, 2010లో బ్లూమ్‌ఫోంటేన్‌లో జర్మనీపై గీత దాటినా లెక్కలోకి రాని ఫ్రాంక్ లాంపార్డ్ గోల్, అన్నీ ఈ వరసలోవే. లాంపార్డ్ ఉదంతం దెబ్బకు 2014 ప్రపంచ కప్‌లో గోల్ లైన్ సాంకేతికత వచ్చింది. నెదర్లాండ్స్‌లో మొదలైన ప్రయోగాల ఫలితంగా వీఏఆర్ వచ్చింది. 2018 మార్చిలో ఆట నిబంధనల్లో చేరి, ఆ వేసవిలోనే రష్యా ప్రపంచ కప్‌లో అడుగుపెట్టింది.

గదిలో కూర్చున్న న్యాయం

వీఏఆర్ పనితీరు చెప్పడానికి తేలిక. స్టేడియానికి దూరంగా ఒక గదిలో తెరల ముందు ఒక రిఫరీ, సహాయకుడు, రీప్లేలు తిప్పే సాంకేతిక నిపుణుడు కూర్చుంటారు. ప్రీమియర్ లీగ్‌కు ఈ గది లండన్ పశ్చిమాన స్టాక్లీ పార్క్‌లో ఉంది. నిబంధనల్లో చేర్చినప్పుడు వీరి జోక్యాన్ని నాలుగింటికే పరిమితం చేశారు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం. వాటిలోనూ మైదానంలోని రిఫరీ చేసింది స్పష్టమైన, కొట్టొచ్చినట్లు కనిపించే పొరపాటు అయితేనే కలగజేసుకోవాలి. తక్కువ జోక్యం, ఎక్కువ ప్రయోజనం అన్నది ఉద్దేశం.

ఆచరణలో ఆ ఉద్దేశం సాగిలపడింది. కొట్టొచ్చినట్లు కనిపించే తప్పును కనిపెట్టడానికి నిమిషాల తరబడి వెతకడమేమిటన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఆఫ్‌సైడ్‌లో చంక వెంట్రుకవాసి ముందుందా, బొటనవేలు దాటిందా అని గీతలు గీసి తేల్చే పని మొదలైంది. 2025 మార్చి 1న ఎఫ్ఏ కప్‌లో బోర్న్‌మత్, వుల్వ్స్ మ్యాచ్‌లో ఒక గోల్‌ను తేల్చడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు పట్టింది. చలిలో నిలబడ్డ ప్రేక్షకులకు ఆ ఎనిమిది నిమిషాల్లో దేని గురించి చూస్తున్నారో కూడా సరిగా తెలియలేదు. ఇంట్లో టీవీ చూసేవాడికి రీప్లేలైనా ఉంటాయి. టికెట్టు కొని వచ్చినవాడికి ఒక తెల్లటి తెర, దాని మీద 'పరిశీలన జరుగుతోంది' అన్న రెండు ముక్కలు.

గోల్ అంటే ఫుట్‌బాల్‌లో రెండు గంటల్లో ఒకటో రెండో సార్లు దొరికే క్షణం. క్రికెట్లో వికెట్టు పడినా, ఫోరు కొట్టినా మళ్లీ మరొకటి వస్తుంది. ఇక్కడ రాదు. అందుకే ఆ క్షణాన్ని తాకట్టు పెట్టమంటే అభిమానికి ప్రాణం పోయినట్లుంటుంది. 2019 ఏప్రిల్ 17న చాంపియన్స్ లీగ్‌లో టాటెన్‌హామ్‌పై అదనపు సమయంలో రహీమ్ స్టెర్లింగ్ కొట్టిన గోల్‌తో సెమీఫైనల్‌కు చేరామని మాంచెస్టర్ సిటీ స్టేడియం మొత్తం ఊగిపోయింది. అంతలోనే సెర్గియో అగ్వెరో ఆఫ్‌సైడ్ అని వీఏఆర్ తేల్చింది. తీర్పు సరైనదే. కానీ అప్పటినుంచి గోల్ పడగానే ఎగిరి గంతేసే ముందు అభిమాని ఒకసారి రిఫరీ చెవి వంక చూడటం నేర్చుకున్నాడు. అతను చెవి దగ్గర వేలు పెట్టాడంటే గదితో మాట్లాడుతున్నాడని లెక్క.

ఇక ఆ గదే తప్పు చేస్తే? 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్‌తో లివర్‌పూల్ మ్యాచ్‌లో లూయిస్ డియాస్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గదిలోని అధికారి రీప్లే చూసి ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే గుర్తించాడు. అయితే మైదానంలో గోల్ ఇచ్చారనుకుని పరిశీలన పూర్తయిందని చెప్పేశాడు. ఆ మాటతో గోల్ రద్దయిన నిర్ణయం ఖాయమైపోయింది. పొరపాటు తెలిసొచ్చేసరికి ఆట మళ్లీ మొదలైంది, నిబంధనల ప్రకారం వెనక్కి వెళ్లడానికి వీల్లేదు. లివర్‌పూల్ 1-2తో ఓడింది. మూడు రోజుల తర్వాత గదిలోని సంభాషణను విడుదల చేశారు. అది విన్నవారికి కోపంతోపాటు ఒక సంగతి అర్థమైంది. అది కుట్ర కాదు, కంగారు. ఆ మాటలు అప్పటికప్పుడు స్టేడియంలో వినిపించి ఉంటే, ఆట మొదలయ్యేలోపే ఎవరో ఒకరు అరిచి చెప్పేవారేమో.

అసలు జబ్బు

ఇప్పుడు రెండు బాధలనూ పక్కపక్కన పెట్టవచ్చు. దోహాలో జనం చూశారు, తీర్పరి చూడలేకపోయాడు. లండన్‌లో తీర్పరి చూస్తాడు, జనానికి చూపించడు. రెండుచోట్లా చూపుకూ తీర్పుకూ మధ్య గోడ ఉంది. అభిమాని అడుగుతున్నది ఆ గోడ తీసేయమని. దీన్ని అతను కొన్నిసార్లు 'వీఏఆర్ కావాలి' అని, మరికొన్నిసార్లు 'వీఏఆర్ పోవాలి' అని అంటున్నాడు. అంతే తేడా.

న్యాయశాస్త్రంలో ఇది పాత పాఠం. 1923లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఒక మోటార్‌సైకిల్ ప్రమాదం కేసులో మేజిస్ట్రేట్లు తీర్పు ఆలోచించడానికి లోపలి గదిలోకి వెళ్లారు. వారితో పాటు వెళ్లిన గుమాస్తా అవతలి పక్షం తరఫు న్యాయవాద సంస్థకు చెందినవాడు. లోపల అతను నోరు విప్పలేదన్నది ఎవరూ కాదనని సంగతి. అయినా ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హెవర్ట్ ఆ శిక్షను కొట్టేశారు. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్లు అందరికీ నిస్సందేహంగా కనపడాలన్న సూత్రం ఆ తీర్పుతోనే ప్రసిద్ధికెక్కింది. తలుపు మూసిన గది ఏ తప్పూ చేయకపోయినా అనుమానాన్ని పుట్టిస్తుంది.

మన దేశం ఈ సంగతిని వేరే రంగాల్లో ఇప్పటికే ఒప్పుకుంది. ఓటింగ్ యంత్రం సరిగ్గానే లెక్కపెడుతుందని ఎన్నికల సంఘం ఎంత చెప్పినా, తన ఓటు ఎవరికి పడిందో కళ్లారా చూడాలని ఓటరు కోరుకున్నాడు. 2013లో సుప్రీంకోర్టు ఆ కోరికను మన్నించింది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశంలోని పోలింగ్ కేంద్రాలన్నిటిలో వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లపాటు కనపడే ఏర్పాటు జరిగింది. కోర్టు గది తలుపు తెరవడంలో ముందడుగు వేసింది గుజరాత్ హైకోర్టే. 2020 అక్టోబరులో ప్రయోగాత్మకంగా విచారణలను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టింది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణ 2022 సెప్టెంబరులో తెర మీదికి వచ్చింది. ఓటుకూ, వ్యాజ్యానికీ ఇంత జాగ్రత్త తగినప్పుడు ఆటకు అంత అక్కర్లేదనవచ్చు. కానీ ఆట బతికేదే నమ్మకం మీద. ఓటరుకు తప్పక ఓటేయాలి, కక్షిదారుకు తప్పక కోర్టుకెక్కాలి. అభిమానికి ఏ తప్పనిసరీ లేదు. నమ్మకం పోతే ఇంటికి పోతాడు.

క్రికెట్ దాటిన వాగు

తెలుగు పాఠకుడికి ఈ గొడవ అర్థం కావడానికి ఐరోపా దాకా పోనక్కర్లేదు. క్రికెట్ ఇదే వాగు దాటింది. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో టీవీ రీప్లే చూసి థర్డ్ అంపైర్ ఔటిచ్చిన మొదటి బ్యాట్స్‌మన్ సచిన్ టెండూల్కరే. 2008 జనవరిలో సిడ్నీ టెస్టు తప్పుడు తీర్పులతో రచ్చకెక్కి, తర్వాతి టెస్టుకు స్టీవ్ బక్నర్‌ను తప్పించేదాకా వెళ్లింది. అదే ఏడాది శ్రీలంకలో డీఆర్ఎస్‌ను పరీక్షించినప్పుడు భారత జట్టు కోరిన సమీక్షల్లో ఫలించింది ఒక్కటే. ఆ చేదు అనుభవంతో భారత బోర్డు ఏళ్ల తరబడి ఆ పద్ధతిని తిప్పికొట్టింది. బంతి గమనాన్ని లెక్కగట్టే యంత్రం మీద నమ్మకం లేదన్నది వాదన. చివరికి 2016 నవంబరులో ఇంగ్లండ్‌తో సిరీస్‌కు ఒప్పుకుంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ టెస్టుతో ఆ ప్రయోగం మొదలైంది. ఇప్పుడు డీఆర్ఎస్ లేని మ్యాచ్ అంటే అభిమానే ఊరుకోడు.

ఏం మారింది? యంత్రాలు మెరుగుపడ్డ మాట నిజమే. అంతకంటే ముఖ్యంగా మూడు ఏర్పాట్లు నమ్మకాన్ని తెచ్చాయి. అప్పీలు చేసేది కెప్టెన్ లేదా ఆటగాడు, ఎక్కడో గదిలోని అధికారి కాదు. అప్పీళ్లకు లెక్క ఉంది, తప్పు చేస్తే ఆ హక్కు కరిగిపోతుంది. మూడోది, అన్నిటికంటే పెద్దది. థర్డ్ అంపైర్ ఏం చూస్తున్నాడో ప్రేక్షకుడూ అదే చూస్తాడు, అతను అడుగడుగునా చెప్పే మాటలు వింటాడు. బంతి లెగ్ స్టంప్‌ను అంచున తాకితే యంత్రానికి అంత కచ్చితత్వం లేదని ఒప్పుకుని మైదానంలోని అంపైర్ మాటకే వదిలేస్తారు. 'అంపైర్స్ కాల్' మీద తిట్లు తప్పకపోయినా, ఆ నిర్ణయం ఎలా వచ్చిందో తెలియదని మాత్రం ఎవరూ అనరు.

ఫుట్‌బాల్‌కు దీన్ని యథాతథంగా అతికించడం కుదరదు. క్రికెట్ బంతి బంతికీ ఆగుతుంది. ఫుట్‌బాల్ ఆగితే ఆటే ఉండదు. అందుకే మరమ్మతు ఎంతవరకు, ఎలా అన్నదే చర్చ.

కూల్చడమా, బాగుచేయడమా

వీఏఆర్‌ను పూర్తిగా తీసేయాలన్న వాదన బలంగానే వినిపించింది. 2024లో వుల్వ్స్ క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో ఆ తీర్మానం పెట్టింది. జూన్ 6న జరిగిన ఓటింగ్‌లో ఇరవై క్లబ్బుల్లో దానికి మద్దతిచ్చింది వుల్వ్స్ ఒక్కటే. అభిమానులకు ఓటుంటే లెక్క వేరుగా ఉండేదేమో. ఆ ఓటు నిజంగా ఉన్నచోట ఏం జరిగిందో స్వీడన్ చూపించింది. అక్కడ క్లబ్బుల్లో 51 శాతం హక్కు సభ్యులైన అభిమానులదే. వారు క్లబ్ సమావేశాల్లో వరసగా వ్యతిరేకంగా ఓటేయడంతో 2024లో స్వీడన్ సమాఖ్య వీఏఆర్‌ను తెచ్చే ఆలోచన విరమించుకుంది. పక్కనే ఉన్న నార్వేలో 2023లో వీఏఆర్ వచ్చింది. 2024 జులై 21న ట్రోండ్‌హైమ్‌లో రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ మ్యాచ్‌లో అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు, చేప వడలు విసరడంతో ఆట రద్దయింది. క్లబ్బుల్లో ఎక్కువ భాగం వద్దన్నా, 2025 మార్చిలో సమాఖ్య సర్వసభ్య సమావేశం 321-129 ఓట్లతో వీఏఆర్‌ను కొనసాగించాలని తేల్చింది. చేప వడలు నవ్వు తెప్పించవచ్చు, కానీ నిరసన వెనక ప్రశ్న నవ్వులాట కాదు. ఆట ఎవరిది?

తీసేయడం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, దోహా అనుభవమున్న భారతీయుడికి అది మింగుడుపడదు. పాత తప్పులు మళ్లీ తిరిగొస్తాయి, ఈసారి వాటిని ప్రతి చేతిలోని ఫోనూ వెంటనే చూపిస్తుంది. కాబట్టి మిగిలింది బాగుచేయడమే. అందుకు దారులు ఇప్పటికే కనిపిస్తున్నాయి.

మొదటిది, నోరు విప్పడం. 2023 మహిళల ప్రపంచ కప్‌లో రిఫరీలు తమ నిర్ణయాన్ని, కారణాన్ని మైకులో స్టేడియానికి చెప్పారు. ఇంగ్లండ్‌లో 2025 జనవరిలో లీగ్ కప్ సెమీఫైనళ్లతో ఆ ప్రయోగం మొదలైంది. ఇది తొలి మెట్టు మాత్రమే. తీర్పు వినిపించినంత మాత్రాన విచారణ వినిపించినట్లు కాదు. గదికీ రిఫరీకీ మధ్య మాటలు, వారు చూస్తున్న రీప్లే గ్యాలరీకి కూడా అందితేనే గోడ కూలినట్లు. రిఫరీల మీద ఒత్తిడి పెరుగుతుందన్న భయం సహజమే. అంతకంటే ఎక్కువ మంది చూస్తుండగా క్రికెట్ అంపైర్లు ఆ పని చేస్తూనే ఉన్నారు.

రెండోది, వెంట్రుకవాసి తీర్పులకు స్వస్తి. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో వాడిన పాక్షిక స్వయంచాలిత ఆఫ్‌సైడ్ పద్ధతి పన్నెండు కెమెరాలతో, బంతిలో సెకనుకు 500 సార్లు సంకేతమిచ్చే సెన్సర్‌తో పనిచేసింది. ప్రీమియర్ లీగ్ దాన్ని 2025 ఏప్రిల్‌లో తెచ్చింది. జాప్యం తగ్గించే ప్రయత్నమిది. అయితే వేగం పెరిగినా బొటనవేలి ఆఫ్‌సైడ్ బొటనవేలి ఆఫ్‌సైడే. దాడి చేసే ఆటగాడికి లాభం దక్కాలన్న స్ఫూర్తితో కొలతలో కొంత సడలింపు ఉంచడం మేలు. 2021-22లో ప్రీమియర్ లీగ్ మందమైన గీతలు వాడి ఆ ప్రయత్నమే చేసింది. ఆటగాళ్ల మధ్య ఖాళీ స్పష్టంగా కనపడితేనే ఆఫ్‌సైడ్ ఇవ్వాలని ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ చాలాకాలంగా చెబుతున్నారు. కంటికి కనపడని తప్పును యంత్రం పట్టుకోవడం గొప్పే. కానీ కంటికి కనపడని తప్పు వల్ల ఎవరికి అన్యాయం జరిగిందో చెప్పడం కష్టం.

మూడోది, అప్పీలు హక్కు. 'ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్' పేరుతో 2024లో మహిళల అండర్-20, అండర్-17 ప్రపంచ కప్‌లలో ఒక కొత్త పద్ధతిని పరీక్షించారు. ఇందులో గది లేదు, గదిలో రిఫరీ లేడు. ఒక్కో కోచ్‌కు మ్యాచ్‌లో రెండుసార్లు సమీక్ష కోరే హక్కు ఉంటుంది. కోరితే మైదానంలోని రిఫరీయే గీత పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి రీప్లే చూసి తేలుస్తాడు. అప్పీలు నెగ్గితే హక్కు నిలుస్తుంది, ఓడితే పోతుంది. పది పన్నెండు కెమెరాలు అక్కర్లేదు. 2025-26లో ఇటలీ మూడో అంచె లీగ్ దీన్ని వాడటం మొదలుపెట్టింది. సమయం వృథా చేసే ఎత్తుగడగా కోచ్‌లు దీన్ని దుర్వినియోగం చేస్తారన్న అనుమానం ఉంది. రెండే అప్పీళ్లున్నప్పుడు, కీలకమైన పెనాల్టీ కోసం ఒకటి దాచుకోవాల్సి ఉన్నప్పుడు ఆ ఎత్తుగడకు ధర ఎక్కువే. పైగా ఏ గోల్‌ను, ఎందుకు చూస్తున్నారో అడిగినవారికీ చూసేవారికీ స్పష్టంగా తెలుస్తుంది.

మనకు తగినది

ఇండియన్ సూపర్ లీగ్‌లో వీఏఆర్ కోసం గొంతులు గట్టిగా లేచింది 2023 మార్చి 3 తర్వాత. ఆ రాత్రి బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ప్లేఆఫ్ మ్యాచ్ అదనపు సమయంలో ఛెత్రి, కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు గోడ కట్టుకోకముందే ఫ్రీకిక్ కొట్టి గోల్ చేశాడు. రిఫరీ దాన్ని చెల్లుతుందన్నాడు. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి వెనక్కి పిలిచాడు. క్లబ్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌పై పది మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. నిజానికి ఆ వివాదం ఫ్రీకిక్‌ను వెంటనే కొట్టడానికి రిఫరీ అనుమతించాడా లేదా అన్నది. దాన్ని ఏ కెమెరా తేల్చలేదు. రిఫరీ ఒక్క మాటలో కారణం చెప్పి ఉంటే తేలేది. ఆ మాట వినిపించే ఏర్పాటు లేకపోవడం వల్లే నాలుగు కోట్ల దాకా పోయింది.

2023లో సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే బెల్జియం పద్ధతిని పరిశీలించి, తక్కువ ఖర్చులో వీఏఆర్ తెచ్చే ఆలోచన చెప్పారు. 2024-25 సీజన్ ముగిసేదాకా లీగ్‌లో అది రాలేదు. దీనికి డబ్బే కారణమంటే నమ్మశక్యమే. 2022లో కేరళను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్‌గా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థికంగా కుదేలై 2025లో ఢిల్లీకి తరలిపోయింది. లీగ్ వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియడంతో ఆ సీజన్ ప్రారంభమే నెలల తరబడి ఆగిపోయింది. ఆటగాళ్ల జీతాలకే దిక్కు లేని చోట లండన్ తరహా గదులు కట్టమనడం గొంతెమ్మ కోరిక.

అందుకే మనకు ఒక వెసులుబాటు ఉంది. ఐరోపా ఏళ్ల తరబడి కోట్లు కుమ్మరించి కట్టిన గదిని మనం కట్టి, తర్వాత దాని తలుపులు తెరవడానికి మరికొన్నేళ్లు పోరాడాల్సిన పనిలేదు. ఆలస్యంగా వచ్చినవాడికి దొరికే లాభమిది. ప్రత్యక్ష ప్రసారానికి ఎలాగూ కెమెరాలు పెడుతున్నారు. గీత పక్కన ఒక తెర, ఒక్కో జట్టుకు రెండు అప్పీళ్లు, రిఫరీ చేతిలో ఒక మైకు ఉంటే చాలు. దోహాలో బంతి గీత దాటిందని తెలియడానికి పన్నెండు కెమెరాలు కావాల్సి రాలేదు. ఒక్క టీవీ రీప్లే సరిపోయింది.

హైదరాబాద్ ఈ ఆటకు అపరిచితం కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు, ఆ జట్టును తీర్చిదిద్ది 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడివారే. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ మ్యాచ్‌లు ఆ నగరంలోనే జరిగాయి. డిసెంబరు 31న గచ్చిబౌలిలో ఆఖరి క్షణాల్లో పడ్డ గోల్‌తో బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. అలాంటి టోర్నీ ఈ చవక పద్ధతిని పరీక్షించడానికి అనువైనది. జట్లు చాలా, రోజులు కొద్ది, ఓడితే ఏడాది పోయినట్లే. ఇక్కడ పనిచేస్తే లీగ్‌లోకి తీసుకుపోవచ్చు. పనిచేయకపోతే పోయే డబ్బు తక్కువ.

తెర వచ్చినంత మాత్రాన రిఫరీలు మెరుగుపడరన్నది కూడా గుర్తుంచుకోవాల్సిందే. తెర ముందు కూర్చునేదీ వాళ్లే. వాళ్ల శిక్షణకూ, జీతాలకూ డబ్బు పెట్టకుండా కెమెరాలు మాత్రమే కొంటే లివర్‌పూల్ ఉదంతాన్ని తెలుగులోనో మలయాళంలోనో చూడాల్సి వస్తుంది. అభిమాని తప్పులు లేని ఆటను అడగడం లేదు. ఆటగాళ్లు తప్పుతారు, రిఫరీలు తప్పుతారు, అది అతనికి తెలుసు. తన జట్టు ఎందుకు ఓడిందో తన ఎదుటే చెప్పమంటున్నాడు. అది ఇవ్వగలిగితే మిగతా తప్పులను అతను ఎప్పటిలాగే తిట్టుకుంటూ క్షమిస్తాడు, వచ్చే వారం మళ్లీ టికెట్టు కొంటాడు.